రూట్ కెనాల్ చేయించుకోమన్నారా? పన్ను పోటు మొదలైన రాత్రి నుంచి క్యాప్ పడేదాకా ఏం చేయాలి

"రూట్ కెనాల్ నిజంగా అవసరమా?" "భరించలేనంత నొప్పి ఉంటుందటగా?" "నొప్పి తగ్గిపోయింది, ఇంకా వెళ్లాలా?" ఈ మూడు ప్రశ్నల్లో ఏదో ఒకటి నన్ను అడగని వారం ఉండదు. విడివిడిగా జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చి, అంతా ఒకచోట రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. రెండు పళ్లకు రూట్ కెనాల్ చేయించుకున్నవాణ్ని, అందులో ఒక పన్నును చేజేతులా పోగొట్టుకున్నవాణ్ని. ఆ సంగతి దాని చోట చెబుతాను. దంతవైద్యురాలైన మా మేనకోడలు ఇదంతా చదివి, రెండు చోట్ల నన్ను చీవాట్లు పెట్టి దిద్దింది.

తెలుసుకోవాల్సిన సిద్ధాంతం కొంచెమే. పన్ను పైన గట్టి పెంకు, దాని కింద కాస్త మెత్తటి పొర, నడిమధ్యన నరాలూ రక్తనాళాలూ ఉన్న గుజ్జు ఉంటాయి. పిప్పి ఆ గుజ్జు దాకా తొలుచుకుపోతే గుజ్జు వాస్తుంది. చుట్టూ గట్టి గోడలు కాబట్టి వాపుకు చోటుండదు. అందుకే అంత పోటు. ఆ గుజ్జును తీసేసి, వేళ్ల లోపలి సన్నటి కాలువలను కడిగి, మళ్లీ క్రిములు చేరకుండా మూసేయడమే రూట్ కెనాల్. "నరం తీసేశారు" అని మనవాళ్లు అనేది దీన్నే. పన్ను వేరుతో సహా అలాగే ఉంటుంది, నమలడానికి పనికొస్తుంది.

ముందు మీ నొప్పి ఏ రకమో గమనించండి

చన్నీళ్లు తగలగానే జివ్వుమని, గ్లాసు దించేసరికి పోతోందా? అయితే గుజ్జు ఇంకా కోలుకునే స్థితిలో ఉండొచ్చు. మామూలు ఫిల్లింగ్‌తో సరిపోయే అవకాశం ఉంది. ఆలస్యం చేయకండి, అంతే.

చల్లదనం పోయాక కూడా అర నిమిషం, నిమిషం సలుపుతూనే ఉందా? వేడి టీ తగిలితే పోటెత్తి, చన్నీళ్లు పుక్కిలిస్తే కాస్త నయమనిపిస్తోందా? పడుకోగానే పెరుగుతోందా? ఏమీ తినకపోయినా దానంతటదే మొదలవుతోందా? వీటిలో ఒకటి రెండు ఉన్నా గుజ్జు కోలుకునే దశ దాటిందని డాక్టర్లు అనుమానిస్తారు.

కొరికితే నొప్పి, ఆ పన్ను మిగతా వాటికంటే ఎత్తుగా ఉన్నట్టు అనిపించడం, చిగురు మీద చిన్న మొటిమలా లేచి చీము కారి తగ్గి, కొన్నాళ్లకు మళ్లీ లేవడం: ఇవి ఇన్ఫెక్షన్ వేరు కొస దాకా వెళ్లిందనడానికి గుర్తులు. మొటిమ ఉన్నవాళ్లకు నొప్పి అంతగా ఉండదు, చీముకు దారి దొరికింది కాబట్టి. అందుకే ఏళ్ల తరబడి పట్టించుకోరు.

అన్నిటికంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడ. వారం రోజులు నిద్ర పట్టనివ్వని పోటు ఒక పొద్దున మాయమవుతుంది. "తగ్గిపోయింది" అనుకుని అపాయింట్‌మెంట్ రద్దు చేసుకుంటారు. చాలాసార్లు అక్కడ తగ్గింది జబ్బు కాదు, చచ్చింది నరం. క్రిములు లోపల తమ పని చేసుకుంటూనే ఉంటాయి. మళ్లీ తెలిసేసరికి చెంప వాచి ఉంటుంది.

వీటిలో ఏదున్నా క్లినిక్ తెరిచేదాకా ఆగకండి

దవడ కిందకీ మెడలోకీ దిగిన వాపు, కంటి వైపు పాకిన వాపు, నోరు తెరవలేకపోవడం, నాలుక పైకి లేచినట్టు ఉండడం, మింగడం గానీ ఊపిరి గానీ కష్టమవడం, వాపుతో పాటు ఎక్కువ జ్వరం. వెంటనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. పంటి ఇన్ఫెక్షన్ గొంతు చుట్టూ పాకితే గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు.

డాక్టర్ని కలిసేదాకా ఈ రాత్రి ఎలా గడపాలి

- పారాసిటమాల్ గానీ ఐబుప్రొఫెన్ గానీ, ప్యాకెట్ మీద రాసిన మోతాదు దాటకుండా. ఐబుప్రొఫెన్ ఖాళీ కడుపున వద్దు. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, ఆస్తమా ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా ఐబుప్రొఫెన్ అసలు వేసుకోవద్దు.
- గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించండి. రెండు దిండ్లు పెట్టుకుని తల ఎత్తుగా ఉంచి పడుకోండి.
- లవంగ నూనె పనిచేస్తుంది, కాసేపే. దూదికి ఒక చుక్క అద్ది పుచ్చులో పెట్టండి. చిగురంతా పూస్తే మండిపోతుంది.
- వాచిన చెంప మీద వేడి కాపడం పెట్టకండి, వాపు పెరగొచ్చు. పెడితే గుడ్డలో చుట్టిన ఐస్, బయటి నుంచి.
- జిల్లేడు పాలు, పొగాకు, కర్పూరం, మాత్ర నూరి చిగురు మీద పెట్టడం వద్దు. జిల్లేడు పాలకు నోరు పొక్కిపోతుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. మా ఊళ్లో ఒకాయన ఆస్పిరిన్ మాత్రను పన్ను పక్కన అదిమి పడుకున్నాడు. తెల్లారేసరికి చిగురు తెల్లగా కాలిపోయింది, పన్ను పోటు పోటులాగే ఉంది.
- ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్స్ వేసుకోకండి. మెడికల్ షాపులో "పన్ను నొప్పి" అనగానే ఇచ్చే మాత్రల కట్ట కూడా అంతే. గుజ్జు వాపు వల్ల వచ్చే పోటుకు యాంటీబయాటిక్ పనిచేయదు. ఆ గుజ్జుకు రక్తం సరిగా అందనప్పుడు మందు మాత్రం ఎలా అందుతుంది? వాపు పాకుతుంటేనో, జ్వరం వస్తేనో డాక్టర్లు రాస్తారు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి: మొదట చేయాల్సింది పన్నుకు చికిత్స, యాంటీబయాటిక్ అవసరమైన కొద్దిమందికే.

వెళ్లే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- వాడుతున్న మందులన్నీ, లేదా వాటి ఫొటో. బీపీ, షుగర్, గుండె మందులు, రక్తం పలచబడే మాత్రలు, ఎముకల బలానికి తీసుకునే మాత్రలూ ఇంజెక్షన్లూ తప్పకుండా చెప్పాలి. రక్తం పలచబడే మాత్రను మీ అంతట మీరు ఆపకండి.
- ఏ మందు పడదో, ఇంతకు ముందు మత్తు ఇంజెక్షన్‌కు కళ్లు తిరిగాయా లేదా.
- గర్భిణి అయితే ఆ సంగతి, ఎన్నో నెలో. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా కుర్చీలో పడుకోవడానికి వీలుగా ఉంటుంది. ఇన్ఫెక్షన్ ఉంటే మాత్రం ఏ నెలైనా కాన్పు దాకా ఆగమని అనరు.
- ఆ పన్నుకు తీసిన పాత ఎక్స్‌రేలు ఉంటే అవి.
- కడుపు నిండా తిని, వేసుకోవాల్సిన మందులు వేసుకుని వెళ్లండి. తిమ్మిరి పోయేదాకా తినలేరు. షుగర్ ఉన్నవాళ్లు ఉపవాసంతో అసలు వెళ్లొద్దు.

డబ్బు విషయంలో ఒక్క జాగ్రత్త. "రూట్ కెనాల్‌కు ఎంత?" అని అడిగితే రూట్ కెనాల్‌కే చెబుతారు. కాలువల పని, పైన పన్ను కట్టే ఫిల్లింగ్, ఆ పైన తొడిగే క్యాప్ ఈ మూడింటికీ విడివిడిగా ఎంతో అడిగి, రాయించుకోండి. చాలామంది మధ్యలో ఆగిపోవడానికి కారణం నొప్పి కాదు, క్యాప్ ధర తర్వాత తెలియడం.

ఎక్కడ చేయించుకోవాలి? బీడీఎస్ (దంతవైద్య డిగ్రీ) చదివిన డాక్టర్లు రూట్ కెనాల్ చేస్తారు, బాగానే చేస్తారు. వెనక దవడ పన్ను, వంకర వేళ్లు, ఒకసారి చేసి పాడైన పన్ను అయితే ఎండోడాంటిక్స్‌లో (గుజ్జు, కాలువల వైద్యం) ఎండీఎస్ అనే పై చదువు చదివినవాళ్ల దగ్గరికి వెళ్లడం మేలు. ఖర్చు భరించలేకపోతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ విజయవాడలోనూ కడపలోనూ ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో కూడా బయటి క్లినిక్‌లకంటే తక్కువ. పీజీ విద్యార్థులు చేస్తారు, ప్రొఫెసర్లు దగ్గరుండి చూస్తారు. సమయం ఎక్కువ పడుతుంది, నాలుగైదు సార్లు తిరగాల్సి రావచ్చు. ఓపిక ఉంటే మంచి దారి. విదేశాల నుంచి సెలవుకు వచ్చి చేయించుకునేవాళ్లు దిగిన మొదటి వారంలోనే మొదలుపెట్టండి. తిరుగు ప్రయాణానికి నాలుగు రోజుల ముందు వెళ్తే క్యాప్ లేకుండానే విమానం ఎక్కుతారు.

ఇక చికిత్స, మెట్టు మెట్టుగా

1. పరీక్ష. ఎక్స్‌రే తీస్తారు, చల్లటి దూది పెట్టి చూస్తారు, పళ్లను ఒక్కొక్కటిగా తట్టి చూస్తారు. విసుక్కోకండి. మీరు వేలు పెట్టి చూపించిన పన్ను అసలు దొంగ కాకపోవచ్చు. కింది పన్ను పోటు పై పంట్లో తెలుస్తుంది. జలుబుతో సైనస్ నిండినా పై దవడ పళ్లన్నీ లాగుతాయి. ఎక్స్‌రేను మీకు చూపించి చెప్పమనండి. పిప్పి నల్లగా కనిపిస్తుంది, వేరు కొస దగ్గర నల్లటి మచ్చ ఉంటే ఇన్ఫెక్షన్ ఎముకను తినేసిందన్నమాట.

2. నిర్ణయం. ఈ మూడూ అడగండి: ఈ పన్ను నిలుస్తుందా? ఫిల్లింగ్‌తో సరిపెట్టే వీలుందా? పీకేస్తే ఆ ఖాళీని ఏం చేయాలి? గుజ్జు పూర్తిగా పాడవకపోతే పైభాగం మాత్రమే తీసి మందు పెట్టి మూసే పద్ధతి కూడా ఉంది, అందరికీ కుదరదు. పన్ను వేరు దాకా చీలినా, చిగుళ్ల జబ్బుతో బాగా కదులుతున్నా, చిగురు పైన కట్టడానికి ఏమీ మిగలకపోయినా పీకించుకోవడమే సరైన పని. జ్ఞాన దంతానికి రూట్ కెనాల్ చేయించి నిలబెట్టుకోవాల్సిన అవసరం అరుదు. మిగతా దవడ పన్ను పీకించి ఖాళీ వదిలేస్తే పక్క పళ్లు అటు ఒరుగుతాయి, ఎదుటి పన్ను ఆ సందులోకి సాగుతుంది. పక్క పళ్ల ఆసరాతో కట్టే బ్రిడ్జికో, ఎముకలో బిగించే ఇంప్లాంట్‌కో అయ్యే ఖర్చు కలిపి చూసుకుంటే పీకించడం చవక కాదు. పై పన్ను పీకిస్తే చూపు పోతుందనేది ఉత్త మాట. ఆ భయంతో చీము పన్నును దాచుకోకండి.

3. తిమ్మిరి ఇంజెక్షన్. చీమ కుట్టినట్టు కాదు, కందిరీగ కుట్టినట్టు ఉంటుందనుకోండి, కొన్ని సెకన్లు. కింది దవడకు ఇస్తే ఆ వైపు సగం పెదవి మొద్దుబారాలి. బారకపోతే చెప్పండి, అప్పుడే పని మొదలుపెట్టనివ్వకండి. బాగా పోటు మీదున్న కింది దవడ పన్నుకు ఒక్క ఇంజెక్షన్ చాలకపోవడం మామూలే. ఇంకోటి ఇస్తారు. గుండె కాసేపు దడదడలాడితే భయపడకండి, మత్తు మందులో కలిపే అడ్రినలిన్ వల్ల చాలామందికి అలా అవుతుంది. అయినా డాక్టర్‌కు చెప్పండి. ఎడమ చెయ్యి ఎత్తితే ఆపాలని ముందే మాట్లాడుకోండి. నాకు టెన్షన్ తగ్గించింది ఆ ఒప్పందమే.

4. రబ్బర్ డ్యామ్. ఆ ఒక్క పన్నే బయటికి కనిపించేలా నోటి మీద పరిచే రబ్బరు తెర ఇది. ఉమ్ములోని క్రిములు లోపలికి పోకుండా, కడిగే మందు గొంతులోకి జారకుండా, డాక్టర్ చేతిలోని సన్నటి సూది మీరు మింగకుండా కాపాడుతుంది. "వేస్తారా?" అని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. డాక్టర్ శ్రద్ధ ఎంతో ఆ ఒక్క ప్రశ్నతో తెలుస్తుందని మా మేనకోడలి నమ్మకం.

5. కాలువలు వెతకడం, కడగడం. అసలు పని ఇదే, ఎక్కువ సేపు పట్టేదీ ఇదే. ముందు పళ్లకు మామూలుగా ఒకటే కాలువ. కింది పెద్ద దవడ పన్నుకు మూడు లేదా నాలుగు. పై మొదటి పెద్ద దవడ పన్నుకు చాలామందిలో నాలుగో కాలువ ఉంటుంది, సన్నగా, దాక్కుని. అది దొరక్కుండా మూసేస్తే ఆ పన్ను ఏడాదికో రెండేళ్లకో మళ్లీ మొదలెట్టొచ్చు. అందుకే "ఎన్ని దొరికాయి?" అని అడగడం తప్పు కాదు. కాలువ పొడవు కొలిచే చిన్న యంత్రం బీప్ బీప్‌మంటుంది. ఫైళ్లనే సూదుల్లాంటి సన్నటి ఆకురాళ్లతో గీకుతూ సోడియం హైపోక్లోరైట్‌తో కడుగుతారు. బ్లీచింగ్ పౌడర్ వాసన వస్తే కంగారు పడకండి, అదే జాతి మందు. గొంతులో మంట అనిపిస్తే, హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే వెంటనే చెయ్యి ఎత్తండి. ఒక్కోసారి ఫైల్ కొస విరిగి కాలువలో ఉండిపోతుంది. అలా అయినంత మాత్రాన పన్ను పోయినట్టు కాదు, కానీ ఆ సంగతి మీకు చెప్పాలి, రికార్డులో రాయాలి.

6. తాత్కాలిక ఫిల్లింగ్. ఒక్క సిట్టింగ్‌లోనే అయిపోవచ్చు, రెండు మూడు కావచ్చు. చీము కారుతుంటే మధ్యలో మందు పెట్టి కొన్నాళ్లకు రమ్మంటారు. ఎన్ని సిట్టింగులు అన్నదాన్ని బట్టి మంచీ చెడూ తేల్చకండి. ఆ మధ్య కాలంలో ఆ వైపు నమలొద్దు. ఫిల్లింగ్ పైపైన కాస్త అరిగితే ఫర్వాలేదు, ఊడి గుంట పడితే ఆ రోజే ఫోన్ చేయండి. మొదటి సిట్టింగ్‌తో నొప్పి పోతుంది, సగంమంది కనిపించకుండా పోయేదీ ఇక్కడే అంటుంది మా మేనకోడలు. తాత్కాలిక ఫిల్లింగ్ వారాల కోసం పెట్టింది, నెలల కోసం కాదు.

7. కాలువలు మూయడం. గట్టా పెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో నింపుతారు. మలయా ప్రాంతపు చెట్టు పాల నుంచి వచ్చేది అది. చివర్లో ఇంకో ఎక్స్‌రే తీస్తారు. తీయకపోతే తీయమనండి.

8. పన్ను కట్టడం, క్యాప్. నా కథ ఇక్కడిది. కింది దవడ పన్నుకు కాలువల పని అయిపోయింది, నొప్పి సున్నా. క్యాప్‌కు మళ్లీ డబ్బెందుకు, చూద్దాంలే అని ఏడు నెలలు గడిపేశాను. డాక్టర్ రెండుసార్లు ఫోన్ చేయించారు కూడా. సంక్రాంతికి వరంగల్‌లో అత్తగారింట్లో సకినం కొరికాను. టక్‌మంది. సకినం అనుకున్నాను, పన్ను. నిలువునా వేరు దాకా చీలింది. ఇక పీకడమే గతి అయింది.

పిప్పి కొంత తినేసి, లోపలికి దారి కోసం పైకప్పు కొంత తీసేశాక దవడ పన్నుకు పక్క గోడలే మిగులుతాయి. నమిలే బరువుకు అవి విచ్చుకుంటాయి. అందుకే నమిలే పళ్లకు నెల లోపు క్యాప్ వేయించుకోండి. ముందు పన్నుకు చిన్న రంధ్రం మాత్రమే పడి ఉంటే ఫిల్లింగే చాలవచ్చు. రంగు నల్లబడితే లోపలి నుంచి బ్లీచింగ్ చేసే పద్ధతి ఉంది. క్యాప్‌లలో పూర్తి లోహం, లోహం మీద సిరామిక్, జిర్కోనియా (పంటి రంగులో ఉండే గట్టి పదార్థం) ఉంటాయి. కనిపించని వెనక పన్నుకు లోహపు క్యాప్ చక్కగా సరిపోతుంది, పన్నును తక్కువ అరగదీస్తారు కూడా. "జీవితకాలం గ్యారంటీ" కార్డు చూసి మురిసిపోకండి. గ్యారంటీ క్యాప్‌కు, కింద ఉన్న పన్నుకు కాదు.

ఇంటికొచ్చాక

తిమ్మిరి రెండు మూడు గంటలు, కింది దవడకైతే ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. అప్పటిదాకా నమలొద్దు, వేడివి తాగొద్దు. పెదవీ నాలుకా కొరుక్కుని పుండు చేసుకుంటారు. మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి వారం, నమిలితే నొప్పిగా ఉండటం మామూలే. రోజురోజుకూ తగ్గుతూ రావాలి, అదే కొలత. మూడో రోజు తర్వాత పెరుగుతున్నా, వాపు కనిపించినా ఫోన్ చేయండి. ఆ పన్ను ముందుగా తగులుతున్నట్టు ఉంటే "అలవాటవుతుంది" అని ఊరుకోకండి. తిమ్మిరిలో ఉన్నప్పుడు ఎత్తు సరిగా తెలియదు. మర్నాడు వెళ్తే రంగు కాగితం కొరికించి, ఎక్కువున్న చోట అరగదీస్తారు. ఐదు నిమిషాల పని.

పని సరిగా అయిందో లేదో ఎలా చూసుకోవాలి

చివరి ఎక్స్‌రేను డాక్టర్ పక్కనే చూడండి. వేరు లోపల తెల్లటి గీత కనిపించాలి. అది వేరు కొస దాకా, లేదా కొసకు రెండు మిల్లీమీటర్ల లోపు ఆగాలి. మధ్యలోనే ఆగినా, కొస దాటి బాగా బయటికొచ్చినా, గీతలో నల్లటి ఖాళీలున్నా కారణం అడగండి. ఒక కాలువ వెనక ఇంకోటి దాక్కుంటుంది కాబట్టి గీతల లెక్క సరిపోలేదని అప్పుడే గొడవపడకండి, ఇంకో కోణంలో తీసి చూపించమనండి.

క్యాప్ అంచు చిగురు దగ్గర ఎలా కూర్చుందో నాలుకతో తడిమి చూడండి. మెట్టులా తగలకూడదు. ఫ్లాస్ దారం పక్క సందులోకి బిగువుగా దిగాలి, చిరగకుండా బయటికి రావాలి. ప్రతి భోజనానికీ కూర పీచు అక్కడే ఇరుక్కుంటోందంటే ఆ క్యాప్ సరిగా కుదరలేదు. క్యాప్ అంటించే సిమెంట్ గట్టిపడే ముందే చెబితే మార్చడం తేలిక.

వేరు కొస దగ్గర నల్లటి మచ్చ ఉన్నవాళ్లు అది వెంటనే పోలేదని బెంగపడొద్దు. ఎముక నిండడానికి నెలలు పడుతుంది. ఆరు నెలలకు ఒకటి, ఏడాదికి ఒకటి ఎక్స్‌రే తీయించి పాతదాని పక్కన పెట్టి చూడాలి. మచ్చ చిన్నదవుతుంటే దారిలో ఉన్నట్టే. కొందరిలో పూర్తిగా మానడానికి నాలుగేళ్ల దాకా పట్టొచ్చు. పెద్దదవుతున్నా, చిగురు మీద మొటిమ మళ్లీ లేచినా చికిత్స నిలవలేదన్నమాట. అప్పుడు కూడా పీకడం ఒక్కటే దారి కాదు. కాలువల్లో నింపిన పాత పదార్థం తీసి మళ్లీ శుభ్రం చేయొచ్చు. అది కుదరకపోతే చిగురు తెరిచి వేరు కొస కోసి మూసే చిన్న ఆపరేషన్ ఉంది.

క్యాప్ వేసిన పన్ను పుచ్చదనుకోవడం ఇంకో పొరపాటు. నరం లేదు కాబట్టి క్యాప్ అంచు కింద పుచ్చినా నొప్పితో మీకు తెలియదు. ఆ అంచు దగ్గర బ్రష్ కాస్త ఎక్కువసేపు ఆడించండి.

మొదటి ఎక్స్‌రే, చివరి ఎక్స్‌రే రెండూ తేదీతో మీ ఫోన్లో దాచుకోండి. ఊరు మారినా డాక్టర్ మారినా ఆ మచ్చ పెరిగిందో తగ్గిందో చెప్పేది ఆ రెండు బొమ్మలే. క్లినిక్‌లో అడిగితే వాట్సాప్‌లో పంపుతారు.